దమయంతప్ప నేర్పిన సబా

కిందటి నెలలో ఇచ్ఛాపురంలో పిల్లల సంగీత పోటీకి న్యాయనిర్ణేతగా పిలిస్తే టెక్కలి నుంచి బస్సులో వెళ్ళాను. సోంపేట దగ్గరపడుతుండగా కిటికీలోంచి కొబ్బరిపీచు నానబెట్టిన నీళ్ళ వాసన వచ్చింది. పుల్లగా, బురదగా, కొంచెం కుళ్ళినట్టుండే వాసన. పక్క సీటులో కూర్చున్నావిడ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. నా ఎడమచేతి వేళ్ళు మాత్రం తంతి మీద ఆనబోతున్నట్టు వాటంతటవే వంగాయి. ఆ వాసనలో కూర్చుని నేను మూడున్నరేళ్ళపాటు అరబ్బుల సంగీతం నేర్చుకున్నాను.

ఈ మాట చెబితే ఎవరూ వెంటనే నమ్మరు. నేర్పినావిడ ఉద్దానంలో ఒక పల్లెలో పుట్టి, ఐదో తరగతితో చదువు మానేసి, చిన్నవయసులోనే భర్త పోయి, బహ్రెయిన్‌లో ఒకరింట్లో ఎనిమిదేళ్ళు వంటపని చేసి వచ్చిన మనిషి. పేరు దమయంతి. మా వైపు అక్కను అప్ప అంటాం కాబట్టి నాకామె దమయంతప్ప. ఆవిడ ఎప్పుడూ ఏ వేదికా ఎక్కలేదు. ఆవిడ ఊళ్ళో ఇప్పుడు అడిగినా, 'టేపురికార్డరు పెట్టుకునీ దమయంతేనా?' అంటారు తప్ప వయొలిన్ సంగతి చాలామందికి గుర్తుండదు.

నేనామెను మొదటిసారి చూసింది తొంభైల చివర్లో. నాకప్పుడు ఇరవై మూడేళ్ళు. వయొలిన్ డిప్లొమా పాసై, ఉద్యోగం లేక, కాశీబుగ్గలో మా ఇంటి గోడకు 'వయొలిన్ నేర్పబడును' అని రేకు బోర్డు తగిలించుకుని కూర్చున్నాను. నలుగురు పిల్లలు వచ్చేవారు. వారానికొకసారి టెక్కలి వెళ్ళి మా మాస్టారి దగ్గర కచేరీ పక్కవాయిద్యం మెళకువలు నేర్చుకునేదాన్ని. పెద్ద కచేరీల్లో పక్కన కూర్చుని వాయించాలన్నది నా కోరిక. మాస్టారికీ నా మీద ఆ ఆశ ఉండేది.

ఒకరోజు పొద్దున్న నలభై ఐదేళ్ళావిడ నల్లటి వయొలిన్ పెట్టె చంకలో పెట్టుకుని మా గుమ్మంలో నిలబడింది.

"తీగ తెగిపోనాది పాపా. నీ కాడ దొరుకుతాదని బస్సులో ఎవలో సెప్పినారు."

తంతి వేసిచ్చాను. శ్రుతి నేను చేస్తానంటే వద్దని తనే చేసుకుంది. స ప స ప. మన పద్ధతే. ఏ హరికథ బృందంలోనో వాయిస్తుందనుకున్నాను. కానీ నేల మీద కూర్చోలేదు. కుర్చీ లాక్కుని, వయొలిన్ గడ్డం కింద ఆనించి, కళ్ళు మూసుకుని నాలుగు స్వరాలు వాయించింది. రెండో స్వరం నా చెవిలో ముల్లులా దిగింది.

"రిషభం సరిగ్గా పడలేదండీ," అన్నాను.

"పడింది పాపా. అది ఆడే ఉంటాది."

"ఇదే రాగం?"

"రాగమో ఏటో నాకు తెల్దు. దీన్ని బయాతీ అంటారు."

మళ్ళీ వాయించింది. మన లెక్కలో షడ్జం తర్వాత కిందికి ఒక రిషభం, పైకి ఒక రిషభం. ఆమె వేలు ఆ రెంటికీ నడుమ, నేను ఎన్నడూ ఆగని చోట, తాపీగా ఆగింది. మూడోసారీ అక్కడే ఆగింది. అపశ్రుతి వాయించేవాళ్ళు మూడుసార్లూ ఒకే చోట తప్పరు. ఆ సంగతి ఆవిడ వెళ్ళిపోయాక తట్టింది. ఆ పై వారమే, మాటల్లో ఆవిడ చెప్పిన ఊరి పేరు పట్టుకుని వెతుక్కుంటూ వెళ్ళాను.

సోంపేటలో దిగి ఆటో ఎక్కి, ఆటో ఆగిన చోటు నుంచి జీడితోటల మధ్య ఇసక బాటలో అరగంట నడవాలి. తమ్ముడింటి వెనక వైపు గదిలో ఉండేదామె. ఇంటి పక్కనే పీచు నానబెట్టే గుంట. నేను వెళ్ళేసరికి అరుగు మీద కూర్చుని కొబ్బరి ఈనెలు చీలుస్తోంది. ఎందుకొచ్చావని అడగలేదు. "కూకో," అని పీట జరిపింది. నేనడిగిన వాటికి ఈనెలు చీలుస్తూనే జవాబులు చెప్పింది.

బహ్రెయిన్‌లో ఆమె పనిచేసిన ఇంటి యజమాని ఈజిప్టు దేశస్థుడు. బళ్ళో సంగీతం చెప్పి రిటైరైన పెద్దాయన. చూపు పోయింది. పిల్లలు వేరే దేశాల్లో ఉండేవారు. ఆయన్ని ఆమె ఉస్తాజ్ అనేది. అరబ్బీలో గురువుగారూ అన్నట్టు.

"ఆయనకి సేతులు వణికీవి. కమాను పట్టుకుంటే కోడి గీరినట్టు గీరీది. ఓ రోజు నన్ను పిలిసి కమాను సేతికిచ్చినాడు. దుమ్ము దులపమన్నాడనుకున్నాను." ఆమె నవ్వింది. "ఏలు పట్టుకుని తంతి మీద పెట్టినాడు. 'కాదు' అన్నాడు. జరిపినాను. 'కాదు' అన్నాడు. ఆర్నెల్లు అదే మాట. అవుననీ మాట అరబ్బీలో ఎలగుంటాదో నాకు తెలిసినాది ఆర్నెల్ల తరవాతే."

తను వాయించలేకపోయినా వినకుండా ఉండలేక ఆయన ఆమెకు నేర్పాడు. రోజూ మధ్యాహ్నం గిన్నెలు కడగడం అయ్యాక రెండు గంటలు. ఎనిమిదేళ్ళలో ఎనిమిది మకాములు. మన రాగాల వంటివే వాళ్ళ మకాములు. ఆ తర్వాత ఆమె సెలవు మీద ఊరొచ్చింది. తిరిగి వెళ్ళడానికి మళ్ళీ మెడికల్ పరీక్ష చేయించుకోమన్నారు. కాగితం మీద 'అన్‌ఫిట్' అని రాసిచ్చారు. కిడ్నీలు.

"మా ఊళ్ళో ఇది కొత్తేటి కాదు," అంది, ఎవరిదో సంగతి చెబుతున్నట్టు. "ఆయనకి మాత్రం వినిపించీవోళ్ళు లేకుండా పోనారు."

అందుకని క్యాసెట్లు పంపేది. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి బహ్రెయిన్ వెళ్ళే తాపీ మేస్త్రీలు, వెల్డర్లు ఎప్పుడూ ఉండేవారు. రెండు మూడు నెలలకొకసారి ఎవరి చేతైనా క్యాసెట్ వెళ్ళేది, జవాబు వచ్చేది. జవాబులో ఆయన ఆమె వాయించినదాన్ని ముక్కముక్కకూ ఆపి తప్పులు చెప్పేవాడు. "తిట్లే," అందామె, తృప్తిగా.

నాకు నేర్పమని అడిగాను. రాస్త్ అనే మకాంలో మొదటి మూడు స్వరాలతో మొదలుపెట్టింది. రెండు నెలలు ఆ మూడే. మూడోది మన రెండు గాంధారాలకూ నడుమ ఉంటుంది. పైది వేస్తే "ఎక్కువ", కిందది వేస్తే "తక్కువ" అనేది. తంతి మీద గుర్తు పెట్టుకుంటానంటే ఒప్పుకోలేదు. బయాతీకి వచ్చేసరికి ఇంకో చిక్కు. బయాతీ రాస్త్‌లోని రెండో స్వరం నుంచి మొదలవుతుంది కనుక రాస్త్‌లో మూడోదే బయాతీలో రెండోది, కాకపోతే వెంట్రుకవాసి కిందికి దిగుతుంది. "నిన్న అక్కడే వెయ్యమన్నావు కదప్పా," అని విసుక్కున్నాను.

"నిన్న రాస్త్‌లో ఉన్నావు. ఇయ్యాల ఇక్కడున్నావు. ఇంటిని బట్టి కూకోవాల."

హిజాజ్ నేర్పిన రోజు మాత్రం నాకు సంబరం వేసింది. ఆ మకాంలో మొదటి నాలుగు స్వరాలూ మన మాయామాళవగౌళవే. చిన్నప్పుడు సరళీ వరుసలు నేర్చుకున్న రాగం. మూడు కాలాల్లోనూ గబగబా వాయించేసి ఆవిడ మొహంలోకి చూశాను.

"సెయ్యి బాగా తిరుగుతాంది," అంది. "ఇప్పుడు ఉస్తాజ్ ముందర కూకుని వాయించినట్టు వాయించు. ఆయనకి సూపు లేదు. నీ ఏళ్ళ తొందర కనపడదు."

మళ్ళీ వాయించాను. ఈసారి ఏ స్వరం దగ్గర ఎంతసేపు ఉండాలో తెలియక మధ్యలో ఆగిపోయాను. ఆవిడ ఈనెలు పక్కన పెట్టి, ఎక్కడ నిలవాలో, ఎక్కడికి తిరిగి రావాలో, పైకి వెళ్ళే ముందు కింద ఎంతసేపు ఓర్చుకోవాలో సాయంత్రం దాకా చూపించింది.

ఏడాది తిరిగేసరికి నా చెవి మారింది. ఆ సంగతి నాకంటే ముందు మాస్టారికి తెలిసింది. టెక్కలిలో ఒక గాత్ర కచేరీకి ఆయన నన్ను పక్కవాయిద్యానికి కూర్చోబెట్టారు. కల్యాణిలో గాంధారం మీద నిలవాల్సిన చోట నా వేలు కిందికి జారింది. గాయకుడు తల తిప్పి చూశాడు. రెండోసారీ జారింది. ఆయన మళ్ళీ తల తిప్పలేదు. ఆలాపన తర్వాత నాకు వదలాల్సిన చోటు వదలకుండా కీర్తన అందుకున్నాడు.

మర్నాడు మాస్టారు కోప్పడలేదు. కాఫీ ఇప్పించి నెమ్మదిగా చెప్పారు. "చూడమ్మా, ఆవిడ నేర్పేది తప్పని నేననను. నాకు తెలియని విద్యను తప్పని ఎలా అంటాను? కానీ ఒక చెవిలో రెండు గాంధారాలకు చోటుండదు. నువ్వు ఏదో ఒకటి తేల్చుకో. తేల్చుకునేదాకా నిన్ను కచేరీకి కూర్చోబెట్టలేను."

నేను కచేరీలే తేల్చుకున్నాను. దమయంతప్ప దగ్గరికి వెళ్ళడం మానేశాను. చెప్పి మానలేదు, వెళ్ళలేదు, అంతే. నాలుగు నెలలు గడిచాయి. ఒకరోజు ఆమె తమ్ముడు ఏదో పని మీద కాశీబుగ్గ వచ్చి మా ఇంటికి వచ్చాడు. "మా అప్ప ఓసారి రమ్మంటన్నాది. బేగి రమ్మన్నాది," అన్నాడు.

వెళ్ళి చూస్తే మొహం ఉబ్బి ఉంది. కాళ్ళు ఉబ్బి ఉన్నాయి. ఎందుకు రావడం లేదని ఈసారీ అడగలేదు. ఎడమచెయ్యి చాపి చూపించింది. వేళ్ళు లావుగా, నున్నగా మెరుస్తున్నాయి.

"ఒక్క సొరం కాడ ఏలు ఆనిత్తే రెండు సోట్ల పడతాంది. రాస్త్ లేదు, బయాతీ లేదు, అన్నీ ఒకటే అయిపోతన్నాయి. ఆయన సబా పంపమన్నాడు. మూడు నెల్లయింది. నువ్వు వాయించు గుంటా. నానే వాయించినానని పంపుదాం."

సబా వాళ్ళ మకాముల్లో అన్నిటికంటే దిగులుగా ఉంటుంది. రెండో స్వరం బయాతీలో లాగే నడుమ ఉంటుంది. నాలుగోది మధ్యమం దాకా చేరకుండానే ఆగిపోతుంది. మెట్టు ఉందనుకుని కాలు వేస్తే అందనట్టుంటుంది. దాన్ని నాకు ఆమె వాయించి నేర్పలేదు. వాయించే స్థితిలో లేదు కనుక పాడి నేర్పింది. నెల్లాళ్ళు వారానికి రెండుసార్లు వెళ్ళాను. మాస్టారికి చెప్పలేదు. నెలాఖరున ఒక మధ్యాహ్నం తలుపు వేసి, టేపురికార్డరు నొక్కి, ముందు ఆమె అరబ్బీలో రెండు మాటలు చెప్పింది. తర్వాత నేను పది నిమిషాలు వాయించాను. పక్క ఊరి తాపీ మేస్త్రీ పట్టుకెళ్ళాడు.

జవాబు రావడానికి మూడు నెలలు పట్టింది. ఆ క్యాసెట్ నేను ఉండగానే పెట్టింది. ముసలి గొంతు. నిమిషం కూడా లేదు. ముక్కముక్కకూ ఆపి చెప్పడం లేదు, తిట్టడం లేదు. క్యాసెట్ అయిపోయాక కూడా ఆమె టేపురికార్డరు వైపే చూస్తూ కూర్చుంది.

"ఏమన్నారప్పా?"

"బాగుందన్నాడు."

"పోల్చుకోలేదా?"

"పోల్చుకున్నాడు. దొంగముండల్లారా అన్నాడు." నా వైపు తిరిగింది. "ఆ పిల్లకి రెండో సొరం ఇంకా కుదరాల, గాని వదలొద్దు, నేర్పు అన్నాడు. ఆ పిల్ల వాయించినవే పంపతా ఉండు అన్నాడు."

ఆ వారం నేను టెక్కలి వెళ్ళి మాస్టారికి చెప్పేశాను. ఇక కచేరీలకు కూర్చోనని. "ఎవరో కళ్ళులేని పెద్దాయన సముద్రానికి అవతల నుంచి మెచ్చుకున్నాడంటే మరి నేనేం చెప్పగలను," అన్నారాయన. అందులో వెటకారం లేదు. అదే నాకు ఇబ్బందిగా అనిపించింది.

తర్వాత రెండేళ్ళలో ఎనిమిది మకాములూ పూర్తి చేశాను. ఇంకో నాలుగు క్యాసెట్లు నింపాం. ప్రతిసారీ పంపానని చెప్పేది. జవాబులో ఏముందో నోటితో చెప్పేది. నేను వెళ్ళే రోజుకు క్యాసెట్ ఎప్పుడూ వేరే ఎవరింట్లోనో ఉందనేది. మధ్య మధ్య ఆమెను విశాఖపట్నం ఆసుపత్రికి తీసుకెళ్ళేవారు. వచ్చాక నాలుగు రోజులు పడుకుని, ఐదో రోజు మంచం మీద నుంచే "ఎక్కువ", "తక్కువ" అనేది. ఆఖరి నెలల్లో ఆ మాటలు కూడా అనలేక చెయ్యి పైకో కిందికో ఊపేది. ఒక వానాకాలం, నేను వెళ్ళని వారంలో పోయింది.

పదిహేను రోజుల తర్వాత ఆమె తమ్ముడు వయొలిన్, ఒక అట్టపెట్టె తెచ్చిచ్చాడు. "మాకెందుకమ్మా ఇవి. నీకే ఇమ్మన్నాది." పెట్టెలో క్యాసెట్లున్నాయి. పైనున్న నాలుగింటి మీద నా చేతిరాత. నేను నింపినవి. ఏవీ ఊరు దాటలేదు.

"ఇవి పంపలేదా?" అని అడిగాను.

"అవేటో నాకు తెల్దు. మా అప్ప పంపినవి యేరే. మజ్జాన్నం పూట తలుపేసుకుని టేపులో ఒక్కర్తీ మాటాడుకునీది. అరబ్బీ. మాకు అర్థమయ్యీది కాదు. ఒక్కోసారి నవ్వీది."

పెట్టె అడుగున ఆ ముసలి గొంతు క్యాసెట్ దొరికింది. పలాసలో ఎలక్ట్రికల్ షాపు నడిపే రవూఫ్ గల్ఫ్‌లో పదేళ్ళు ఉండి వచ్చినవాడు. ఆయన దగ్గరికి పట్టుకెళ్ళాను. షాపులోనే టేపులో పెట్టి, చెవి దగ్గరగా ఆనించి రెండుసార్లు విన్నాడు.

"ఎవరండీ ఈయన?" అన్నాడు.

"తెలిసినాయన. ఏమంటున్నాడు?"

"దమయంతీ, ఇది నీ చెయ్యి కాదు, అంటన్నాడు. ఎవలో మంచి పిల్లే, గాని ఆమెది వేరే దేశం చెవి, నాకు దాంతో పని లేదు, ఇంక అది పంపొద్దు, అంటన్నాడు." మళ్ళీ విని మిగతాది చెప్పాడు. "నువ్వు వాయించలేకపోతే వాయించొద్దు. కూర్చుని మాటాడు. మీ ఊరి కబుర్లు చెప్పు. నాకు నీ గొంతు చాలు, అంటన్నాడు. అంతే అమ్మా."

ఆ రోజు నాకు వచ్చింది కోపమే. ఇప్పుడు మెత్తగా చెప్పి ప్రయోజనం లేదు. నేను కచేరీలు వదులుకున్నది ఆయన మెచ్చుకున్నాడన్న మాట మీద. ఆ మాట ఆయనది కాదు. రెండు వయొలిన్లూ బీరువా మీద పెట్టేసి ఏడెనిమిది నెలలు ముట్టుకోలేదు. మాస్టారి దగ్గరికి తిరిగి వెళ్ళడానికి మొహం చెల్లలేదు. తర్వాత ఆయన కూతురి దగ్గరికి రాజమండ్రి వెళ్ళిపోయారు.

ఆమె ఎందుకలా చెప్పిందో చాలా రకాలుగా ఆలోచించాను. నేర్చుకున్నది తనతో పోకూడదనుకుందేమో. నేను వారం వారం వస్తే బాగుండుననుకుందేమో. నా మొహం చూసి ఆ నిమిషంలో నోటికొచ్చింది చెప్పి, తర్వాత వెనక్కి తీసుకోలేకపోయిందేమో. మూడోదే నిజమని నాకు ఎక్కువగా అనిపిస్తుంది. అలా అయితే ఆ ఒక్క నిమిషాన్ని రెండేళ్ళు మోసింది, మంచం మీద నుంచి కూడా.

మళ్ళీ వయొలిన్ తీసింది ఒక ఆదివారం, ఇల్లు దులుపుతూ. సబా వాయించాను. రెండో స్వరం దగ్గర వేలు వెతుక్కోకుండా దిగింది. అది సరైన చోటో కాదో నాకు తెలియదు. చెప్పగలిగిన ఇద్దరిలో ఒకరు లేరు. రెండో ఆయన చిరునామా తాపీ మేస్త్రీని అడిగి కనుక్కునేసరికి ఆ ఇంట్లో వేరే ఎవరో ఉంటున్నారని తెలిసింది. నా దగ్గరున్నది, సరో కాదో చెప్పేవాళ్ళు లేని ఆ స్వరం. ఇరవై ఏళ్ళుగా రోజూ పొద్దున్న దాన్ని ఒకసారి వాయించి చూసుకుంటాను. ఇంత కాలానికి దాన్ని నాదనుకోవడం అలవాటైంది.

ఇప్పుడు టెక్కలిలో ఉంటున్నాను. చాలామందికి కర్ణాటక సంగీతమే చెబుతాను. ఆ మకాములు కావాలని వచ్చేవాళ్ళు ఎప్పుడో ఒకరు. నిరుడు ఒక నర్సు వచ్చింది. మస్కట్‌లో నాలుగేళ్ళు పనిచేసి వచ్చిందట. అక్కడ విన్నదేదో మనసులోంచి పోవడం లేదంది. మంచి చెయ్యి, తొందర ఎక్కువ. ఆరు నెలలు కష్టపడి సబా వాయించి, కమాను దించి, "ఎలా ఉంది మేడమ్?" అని నా మొహంలోకి చూసింది.

బాగుందని అనేస్తే ఎంత తేలికో ఆ క్షణంలో నాకు తెలుసు. అనలేకపోయాను. "ఇంకా రాలేదమ్మా," అన్నాను. ఆమె వయొలిన్ సర్దుకుని వెళ్ళిపోయింది. తర్వాతి ఆదివారం రాలేదు. ఆ పై ఆదివారమూ రాలేదు. అలా వెళ్ళిపోయినవాళ్ళు ఇంతకుముందూ ఉన్నారు. ఎవరినీ నేను వెనక్కి పిలవలేదు.

మూడో శనివారం ఆమెకు ఫోన్ చేశాను.

"బాగుందని చెప్పడానికా మేడమ్?" అంది, కొంచెం నిష్ఠూరంగా.

"కాదు. రేపు ఎన్నింటికి వస్తావో కనుక్కుందామని."

"డ్యూటీ దిగేసరికి పదవుతుంది," అంది.

మర్నాడు పది కాకముందే, డ్యూటీ బట్టల్లోనే వచ్చింది.